కోబే చూసే పద్ధతి: ఎక్కేది బండిలో, దిగేది నడిచి

ఒసాకా వచ్చే మనవాళ్ళు కోబేకి ఒక్క పూట ఇస్తారు. మధ్యాహ్నం రైలెక్కడం, సన్నోమియాలో దిగడం, ఎర్ర టవర్ ముందు ఫొటో, చైనాటౌన్‌లో నాలుగడుగులు, చీకటి పడేసరికి మళ్ళీ ఒసాకా. ఆ పూటలో కోబే మామూలు షాపింగ్ ఊరిలాగే కనబడుతుంది. నా మాట విని రెండు నిండు రోజులివ్వండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే మూడు. నేను ఇక్కడ ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో బిల్లుల కాగితాలు చూసుకుంటూ బతుకుతున్నదాన్ని. విశాఖ నుంచి ఏ చుట్టం దిగినా గైడు పని నా నెత్తినే. మోకాళ్ళు అరిగిన అమ్మని, ఓడలు తప్ప ఇంకేమీ పట్టని మావయ్యగారిని, ఐస్‌క్రీం కోసమే నడిచే పిల్లల్ని తిప్పితిప్పి నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఊరి రూపం బుర్రలో పెట్టుకోండి. ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం, రెంటికీ మధ్య తూర్పు పడమరలుగా సాగిన సన్నటి ఊరు. బుల్లెట్ ట్రైను ఆగే షిన్-కోబే స్టేషను కొండ మొదట్లోనే ఉంటుంది. అక్కణ్ణుంచి తిన్నగా కిందికి నడిస్తే ముప్పావు గంటలో రేవు. ఇక్కడివాళ్ళు ఉత్తరం, దక్షిణం అనే బదులు ‘యమగావా’, ‘ఉమిగావా’ అంటారు, కొండవైపు, సముద్రంవైపు అని. పెద్ద దుకాణాల గుమ్మాలకీ ఆ పేర్లే. మీరూ అలవాటు చేసుకోండి. ఫోన్లో చార్జింగ్ అయిపోయినా కొండ కనబడితే చాలు, దారి తెలిసినట్టే. కైలాసగిరి మీంచి బీచి చూస్తూ పెరిగినవాళ్ళకి ఈ ఊరు ఇట్టే వంటబడుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఊరు మొత్తం వాలు. రేవులో మొదలుపెట్టి పైకి నడిచారా, కొండవాలు మీదున్న కితానో పేట వీధులకి వచ్చేసరికి పెద్దవాళ్ళు మెట్ల మీద కూలబడతారు. అదే పైన మొదలుపెడితే రోజంతా దిగుడే. కాబట్టి ఎక్కాల్సిన చోటల్లా రోప్‌వే, కేబుల్ కారు, బస్సు. దిగేటప్పుడే కాళ్ళు.

ఎక్కడ దిగాలి

‘కోబే’ అని బోర్డున్న స్టేషనులో దిగకండి. ఊరి నడిబొడ్డు సన్నోమియా. జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్ళ బోర్డు మీద ‘సన్నోమియా’ అనీ, హాంక్యూ, హాన్షిన్ అనే ప్రైవేటు లైన్ల మీద ‘కోబే-సన్నోమియా’ అనీ ఉంటుంది. అన్నీ పక్కపక్కనే. జేఆర్ ‘కోబే’ స్టేషను ఇంకాస్త పడమటికి, హార్బర్‌ల్యాండ్ దగ్గర. షిన్-కోబేలో దిగినవాళ్ళు సబ్‌వేలో ఒక్క స్టేషను వస్తే సన్నోమియా, రెండు నిమిషాల పని. సన్నోమియా చుట్టూ పెద్ద ఎత్తున కట్టడాలు నడుస్తున్నాయి. అందుకని బయటికి వచ్చే దారులు మారుతూ ఉంటాయి. పాత వీడియో చూసి ఫలానా ద్వారం దగ్గర నిలబడతామని చుట్టాలకి మాటివ్వకండి.

ఒసాకా నుంచి జేఆర్ ‘షిన్‌కైసొకు’ అనే వేగం రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు. హాంక్యూ, హాన్షిన్ రైళ్ళు కొంచెం నెమ్మది, టికెట్టు మాత్రం చవక. తొందర లేకపోతే హాంక్యూ ఎక్కండి. ముదురు గోధుమరంగు పెట్టెలు, లోపల ఆకుపచ్చ ముఖమల్ సీట్లు, కూర్చుంటే లేవబుద్ధి కాదు. తోక్యో నుంచి నొజోమి అనే బుల్లెట్ ట్రైన్లో మూడు గంటలకి కాస్త లోపే.

కన్సాయ్ విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చేవాళ్ళు సన్నోమియా బస్సెక్కితే గంట పైచిలుకు. నన్నడిగితే బస్సు వద్దు, పడవెక్కండి. కన్సాయ్ విమానాశ్రయం నుంచి కోబే విమానాశ్రయానికి సముద్రం మీదుగా అరగంట. అక్కడ పోర్ట్ లైనర్ అనే చిన్న రైలు పట్టుకుంటే 18 నిమిషాల్లో సన్నోమియా. రేవు ఊరికి నీళ్ళ మీంచి రావడమే అందం. పోర్ట్ లైనర్‌కి డ్రైవరు ఉండడు, 1981 నుంచీ అలాగే నడుస్తోంది. పిల్లలుంటే మొదటి పెట్టెలో ముందు సీటు పట్టుకోండి, పట్టాలన్నీ వాళ్ళే నడుపుతున్నట్టు కనబడతాయి. ఆ రైలు దాటే పోర్ట్ ఐలాండ్ మనుషులు చేసిన దీవి. వెనకాల కొండలు తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద రేవుకి దింపి, సముద్రంలో పోసి చేశారు. మట్టి తీసిన చోట ఇళ్ళ కాలనీలు లేచాయి.

రైలు కార్డు ఇకోకా అయినా, తోక్యోలో కొన్న సుయికా అయినా ఇక్కడ పనిచేస్తుంది. సెవెన్-ఇలెవెన్ దుకాణాల ఏటీఎంలలో మన కార్డులకి డబ్బొస్తుంది. కొండ మీది చిన్న కొట్లలో నగదే నయం, కాసిని నోట్లు దగ్గర పెట్టుకోండి.

మొదటి రోజు: జలపాతం నుంచి రేవు దాకా

పొద్దున్నే షిన్-కోబే స్టేషను పక్కనున్న నునోబికి రోప్‌వే ఎక్కండి. పది నిమిషాల్లో నాలుగు వందల మీటర్ల ఎత్తున హెర్బ్ గార్డెన్‌లో ఉంటారు. పెట్టెలో వెనక్కి తిరిగి కూర్చోండి, ఊరూ రేవూ మీ కళ్ళముందే విచ్చుకుంటాయి. పైన కాఫీ తాగి, తోటలోంచి మధ్య స్టేషను దాకా నడిచి దిగండి. పెద్దవాళ్ళు అక్కడ మళ్ళీ రోప్‌వే ఎక్కేయొచ్చు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు తోట గేటు దాటి కాలిబాట పట్టండి. ముందు రాతి ఆనకట్ట వస్తుంది. అది 1900లో కట్టిన గోహోన్‌మత్సు డ్యామ్, జపాన్‌లో మొదటి కాంక్రీటు గ్రావిటీ డ్యామ్, అంటే తన బరువుతోనే నీళ్ళని ఆపే కట్ట. ఇంకా దిగితే నునోబికి జలపాతాలు నాలుగు. వాటిలో పెద్దది ఒంతాకి, 43 మీటర్లు. అక్కణ్ణుంచి స్టేషను పావుగంట. బుల్లెట్ ట్రైను స్టేషను వెనక సందులోంచి అంత పెద్ద జలపాతానికి దారి ఉందంటే మా చుట్టాలెవరూ నమ్మరు, తీసుకెళ్ళి చూపించాల్సిందే. దారి మెట్లే గానీ వాన పడితే జారుతుంది. చెప్పులు వద్దు, బూట్లేసుకోండి.

మధ్యాహ్నం కితానో. 1868లో కోబే రేవు తెరిచాక విదేశీ వర్తకులు ఈ వాలులో ఇళ్ళు కట్టుకున్నారు. వాటిలో కొన్నిటికి టికెట్టు పెట్టి లోపల చూపిస్తారు. అన్నిటికీ టికెట్టు కొనకండి. పాత కుర్చీలు, పాత పింగాణీ, రెండిళ్ళు చూసేసరికి మూడోది మొదటిదానిలాగే ఉంటుంది. బయట నుంచి ఉచితంగా చూడ్డానికే వీధులు బాగుంటాయి. కితానో తెన్మాన్ గుడి మెట్లు ఎక్కగలిగితే ఎక్కండి, పైనుంచి కప్పులూ సముద్రమూ ఒకేసారి కనబడతాయి. ఎక్కలేనివాళ్ళు కింద చౌకులో బెంచీల మీద కూర్చుని మనుషుల్ని చూస్తూ ఉండొచ్చు, అదీ కాలక్షేపమే.

మనవాళ్ళకి కితానోలో అసలు చూడాల్సింది వేరే ఉంది. 1923లో వచ్చిన భూకంపం యోకొహామాని నేలమట్టం చేస్తే, అక్కడి భారతీయ వర్తకుల్లో చాలామంది కోబేకి మారిపోయారు. సింధీలు, గుజరాతీలు, పంజాబీలు. ముందు బట్టల వ్యాపారం, తర్వాత ముత్యాలు. వాళ్ళు నిలబెట్టినవి ఇప్పటికీ ఈ వాలులో నడిచేంత దూరంలో ఉన్నాయి. కోబే మసీదు 1935లో కట్టింది, జపాన్‌లో అదే మొదటి మసీదు. డబ్బిచ్చినవాళ్ళలో ఎక్కువమంది భారతీయ వర్తకులే. 1945 బాంబుదాడుల్లో చుట్టూ ఊరు కాలిపోయినా అది నిలబడింది, 1995 భూకంపంలోనూ నిలబడింది. నమాజు వేళలు తప్పించి, ఒళ్ళంతా కప్పే బట్టల్లో వెళితే లోపలికి రానిస్తారు. కొంచెం పైకి వెళితే ఇళ్ళ మధ్యలో తెల్లటి పాలరాతి జైన మందిరం, 1985 నాటిది. జపాన్ ఇళ్ళ బూడిదరంగు కప్పుల మధ్య ఆ శిఖరం చూసి అమ్మ, ‘ఏంటే, దారి తప్పి మార్వాడీ వీధిలోకి వచ్చేశామా’ అంది. సిక్కుల గురుద్వారా కూడా ఆ దగ్గర్లోనే. మన తెలుగువాళ్ళం ఈ వరసలో బాగా ఆలస్యంగా వచ్చి చేరాం, ల్యాప్‌టాప్ సంచీలతో.

ముత్యాలనగానే మనకి చార్మినార్ గుర్తొస్తుంది గానీ, కోబే కూడా ముత్యాలు శుద్ధి చేసి, జతలు కుదిర్చి, దండలు గుచ్చి ఎగుమతి చేసే ఊరే. కొనే ఉద్దేశం ఉంటే దండని కొండవైపు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. దుకాణంలో దీపాల కింద అన్నీ ఒకే రంగులో ఉంటాయి, ఉత్తరపు వెలుతురులోనే తేడా తెలుస్తుంది. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి, పన్ను మినహాయింపుకి అడుగుతారు.

కితానో నుంచి వాలు దిగుతూ రండి. సన్నోమియా రైలు పట్టాల ముందు ఇకుతా గుడి వస్తుంది, బార్ల మధ్యలో ఎర్ర తోరణం. ఐదు నిమిషాలు చాలు. పట్టాలు దాటి పడమటికి మళ్ళితే మోతోమాచి బజారు, దాని పక్కనే చైనాటౌన్, నాన్‌కిన్‌మాచి. చైనాటౌన్‌లో బారులు తీరి కొనేది పంది మాంసం కూరిన ఆవిరి బన్నులు. శాకాహారులకి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు, వాసన చూసి ముందుకి కదలండి.

సాయంత్రం పొద్దుగూకడానికి కాస్త ముందు రేవుకి చేరేలా చూసుకోండి. పగటి వెలుతురు కొంచెం, దీపాలు కొంచెం, రెండూ దక్కుతాయి. పోర్ట్ టవర్ 1963లో కట్టింది, 108 మీటర్లు, ఎర్రటి ఇనుప గొట్టాలతో డమరుకం నిలబెట్టినట్టు ఉంటుంది. మరమ్మతుల తర్వాత 2024లో మళ్ళీ తెరిచారు. పైకెక్కడం బాగానే ఉంటుంది గానీ, పొద్దున రోప్‌వే ఎక్కినవాళ్ళకి అవసరం లేదు. ఆ డబ్బుతో రేవులో తిప్పే పడవ ఎక్కండి. ముప్పావు గంట, గంట తిప్పుతారు. పడవలోంచి కావసాకి, మిత్సుబిషి ఓడల యార్డులు కనబడతాయి. జపాన్ సబ్‌మెరైన్లు కట్టేది ఈ రెండు యార్డుల్లోనే. కురుసుర మ్యూజియంలో తల వంచుకుని నడిచిన పిల్లలకి, ఇవి పుట్టే చోటు చూపిస్తే కళ్ళు పెద్దవవుతాయి. డాక్‌లో ఏదైనా ఉంటే అదృష్టం, లేకపోతే క్రేన్లతో తృప్తిపడాలి.

మెరికెన్ పార్కులో అందరూ ‘బీ కోబే’ తెల్లటి అక్షరాల ముందు వరసలో నిలబడతారు. మీరూ నిలబడండి, తప్పేం లేదు. కానీ ఫొటో అయ్యాక పార్కు తూర్పు అంచుకి నడవండి. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకి భూమి కదిలి ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలా 6,434 మంది పోయారు. అప్పుడు విరిగిన పాత గట్టులో 60 మీటర్ల మేర ముట్టుకోకుండా అలాగే వదిలేశారు. టికెట్టు లేదు, గేటు లేదు. కాంక్రీటు పలకలు ఒకదాని మీదొకటి ఒరిగి సగం నీళ్ళలో ఉంటాయి, సందుల్లో నాచు, దీపస్తంభాలు తలోవైపుకి వాలి. మా మావయ్యగారు విశాఖ పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. టవర్నీ అక్షరాల్నీ కన్నెత్తి చూడని మనిషి ఇక్కడ కమ్మీ పట్టుకుని వంగి చాలాసేపు చూశారు. ‘అమ్మాయ్, గట్టే ఇలా అయిపోతే ఓడని దేనికి కడతారు? హుద్‌హుద్‌లో మనకి గాలి కొట్టింది, కిందున్న నేల మాత్రం ఉంది’ అన్నారు. ఆయనన్నది ఈ రేవు కథే. 1994లో కంటెయినర్ల లెక్కలో ప్రపంచంలో మొదటి పది రేవుల్లో ఒకటి కోబే. గట్లన్నీ రెండేళ్ళలో బాగుచేశారు. ఈలోగా బుసాన్ లాంటి రేవులకి మళ్ళిన సరుకు మాత్రం చాలావరకు అక్కడే ఉండిపోయింది. మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ విషయం చెప్పినా ‘భూకంపానికి ముందు’, ‘తర్వాత’ అనే చెబుతారు.

దీని గురించి ఇంకా తెలుసుకోవాలనుకుంటే తూర్పున హ్యాట్ కోబే అనే పేటలో విపత్తుల మ్యూజియం ఉంది, 2002లో పెట్టారు. సోమవారం సెలవు. మొదట్లో చూపించే భూకంపం ఫిల్ము మహా చప్పుడుగా, భయంకరంగా ఉంటుంది, చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. అప్పుడు బతికి బయటపడ్డ పెద్దవాళ్ళు అక్కడ వాలంటీర్లుగా ఉంటారు. ఓపిగ్గా అడిగితే తమ కథ చెబుతారు. పక్కనే తడావో అండో కట్టిన హ్యోగో ఆర్ట్ మ్యూజియం, సముద్రంవైపు మెట్ల మీద కూర్చోవచ్చు.

రాత్రి హార్బర్‌ల్యాండ్‌లో మొజాయిక్ అనే షాపింగ్ వరస రెండో అంతస్తు చెక్క వరండాలో నిలబడితే, ఎదురుగా టవర్, తెరచాపల ఆకారంలో మారిటైం మ్యూజియం కప్పు, రెండూ నీళ్ళలో వెలుగుతూ కనబడతాయి. కోబే అనగానే పోస్టుకార్డుల మీద కనబడే బొమ్మ ఇక్కణ్ణుంచి తీసిందే.

తిండి

శాకాహారులకి జపాన్‌లో చిక్కు మాంసంతో కాదు, దాషితో. చేపతో కాచిన ఈ రసం సూపులో, నూడుల్స్ పులుసులో, కూరగాయల ఉడుకులో, ఆఖరికి గుడ్డట్టులో కూడా ఉంటుంది. ‘మాంసం లేదు’ అని వాళ్ళు నిజమే చెబుతారు, దాషి వాళ్ళ లెక్కలో మాంసం కాదు. ‘నికు నాషి, సకానా నాషి, దాషి మో నాషి’ అని రాసిన చీటీ ఫోన్లో పెట్టుకుని చూపించండి. మాంసం లేకుండా, చేప లేకుండా, దాషి కూడా లేకుండా అని. కొన్ని చోట్ల చేతులడ్డంగా పెట్టి కుదరదంటారు. నొచ్చుకోకండి, అబద్ధం చెప్పి పెట్టడం కంటే అది మేలు కదా.

ఈ విషయంలో కోబే మిగతా జపాన్ ఊళ్ళకంటే చాలా నయం. వర్తక కుటుంబాలు తరాలుగా ఉన్నాయి కాబట్టి సన్నోమియాకీ కితానోకీ మధ్య వీధుల్లో భారతీయ హోటళ్ళు చాలానే. ఎక్కువ ఉత్తరాది వంటే, నాన్ దుప్పటంత ఉంటుంది, కూర తియ్యగా ఉంటుంది. ‘కారంగా’ అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే జపాన్ నాలుకకి వండినదే వస్తుంది. మసీదు చుట్టుపక్కల హలాల్ కొట్లలో కందిపప్పు, మసాలాలు, హలాల్ మాంసం దొరుకుతాయి. వంటిల్లున్న అద్దె గది తీసుకుంటే పప్పూ అన్నం మీ చేతిలో పని. అమ్మ వచ్చినప్పుడు ఆవకాయ తెస్తుంది కాబట్టి నాకు ఆ రోజుల్లో హోటలు చింతే ఉండదు.

పొద్దున ఫలహారానికి ఇక్కడి బేకరీలు వాడుకోండి. రేవులోకి విదేశీయులతోపాటే రొట్టే కాఫీ వచ్చాయి, ఆ పేరు ఇప్పటికీ ఉంది. గుడ్డు తిననివాళ్ళు అడిగి కొనాలి.

కోబే బీఫ్ సంగతి. తినేవాళ్ళూ తిననివాళ్ళూ మన ఇళ్ళల్లో ఇద్దరూ ఉంటారు కాబట్టి ఇద్దరికీ చెబుతున్నాను. తినేవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళండి, రాత్రికంటే బాగా తక్కువలో అవుతుంది. కోబే ఉన్న హ్యోగో రాష్ట్రంలో పెంచిన తజిమా జాతి పశువు మాంసానికే, అదీ పరీక్షలో నెగ్గితేనే, ఆ పేరు పెట్టాలి. మంచి హోటళ్ళలో పది అంకెల పశువు నంబరు రాసి పెడతారు. వీధిలో పుల్లకి గుచ్చి చవగ్గా అమ్మేవన్నీ అదే అనుకోకండి. తిననివాళ్ళు పెనం మీద ఎదురుగా వండే హోటళ్ళకి తోడుగా కూడా వెళ్ళకండి, మీ కూరగాయలూ ఆ కొవ్వులోనే వేగుతాయి.

రెండో రోజు: కొండ దాటి అరిమా

ఈ రోజు కూడా ఎక్కేదంతా బండిలోనే. హాంక్యూ లైన్లో రొక్కో స్టేషను, అక్కణ్ణుంచి 16వ నంబరు బస్సు కేబుల్ కారు కింది స్టేషను దాకా. 1932 నాటి రొక్కో కేబుల్ కారు పది నిమిషాల్లో పైకి లాగుతుంది. పైన ఊరికంటే నాలుగైదు డిగ్రీలు చలి, వేసవిలో అయినా పల్చటి స్వెట్టరు పెట్టుకోండి. రొక్కో శిఖరం 931 మీటర్లు, శిఖరం దాకా వెళ్ళక్కర్లేదు. కొండమీది బస్సులో గార్డెన్ టెర్రస్ దగ్గర దిగి, ఒసాకా అఖాతం చూసి, అక్కడి రోప్‌వేలో కొండ అవతలి పక్కకి దిగండి. 12 నిమిషాల్లో అరిమా. శరదృతువులో అయితే ఈ దిగుడు మొత్తం ఎర్రటి ఆకుల మీదుగానే. ఈ రోప్‌వే గాలి ఎక్కువైతే ఆగిపోతుంది, చలికాలంలో మరమ్మతులకని కొన్నాళ్ళు మూసేస్తారు. బయల్దేరేముందు చూసుకోండి.

అరిమా వేడినీళ్ళ ఊరు, జపాన్‌లో చాలా పాతవాటిలో ఒకటి. పదహారో శతాబ్దంలో జపాన్‌ని ఏలిన హిదెయోషి పదేపదే వచ్చి స్నానం చేసిన చోటు. ఇక్కడ రెండు రకాల నీళ్ళు. ‘కిన్‌సెన్’ అంటే బంగారు నీళ్ళు, ‘గిన్‌సెన్’ అంటే వెండి నీళ్ళు. బంగారు నీళ్ళు నేలలోంచి వచ్చేటప్పుడు మామూలుగానే ఉంటాయి, గాలి తగలగానే అందులోని ఇనుము తుప్పురంగుకి తిరుగుతుంది. ఉప్పు సముద్రపు నీళ్ళకంటే ఎక్కువ. తెల్ల తువ్వాలు ముంచకండి, మరక పోదు.

స్నానం గురించి దాచకుండా చెప్పాలి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు గదులు, కానీ లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు బయట కుళాయి దగ్గర స్టూలు మీద కూర్చుని ఒళ్ళంతా రుద్దుకుని, సబ్బు పోయేలా కడుక్కుని, జుట్టు పైకి ముడేసుకుని అప్పుడు తొట్టెలోకి దిగాలి. మనవాళ్ళకి మొదటి పది నిమిషాలే ఇబ్బంది, ఎవరూ ఎవరివైపూ చూడరు. అసలు కుదరదనుకునేవాళ్ళు గంటకింత అని ఇచ్చే ‘కషికిరి’ గది అడగండి, కుటుంబానికి విడిగా దొరుకుతుంది. పచ్చబొట్టు ఉంటే ముందే అడగాలి, ఒక్కో చోట ఒక్కో రూలు. ప్రజల స్నానశాలలు రెండున్నాయి, కిన్-నో-యు, గిన్-నో-యు. కొన్ని మంగళవారాలు సెలవు, రెండిటికీ ఒకే మంగళవారం కాదు.

అమ్మ స్నానానికి ససేమిరా అంది. కిన్-నో-యు బయట వీధిలోనే డబ్బుల్లేకుండా కాళ్ళు పెట్టుకునే తొట్టె ఉంది. చీర పిక్కల దాకా ఎత్తుకుని కూర్చుంది. నీళ్ళు రాగి చెంబు కడిగిన చింతపండు రంగులో, పాదాలు కనబడకుండా. పక్కన కూర్చున్న జపాన్ ముసలావిడ తన మోకాలు చూపించి మొహం చిట్లించింది, అమ్మ తన మోకాలు చూపించి తలాడించింది. భాష అక్కర్లేకుండా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. బయటికి తీసేసరికి పసుపు రాసుకున్న కాళ్ళలాగా గోళ్ళ చుట్టూ రంగు. రెండు రోజులు పోలేదు. చిన్న తువ్వాలు మీరే తెచ్చుకోండి.

తినడానికి ఇక్కడి సోడా బుగ్గ నీళ్ళతో చేసే పల్చటి తియ్యటి బిస్కెట్లు, ‘తన్సాన్ సెంబే’. ఇళ్ళకి పట్టుకెళ్ళడానికి తేలిక, సూట్‌కేసులో విరక్కుండా బట్టల మధ్య పెట్టండి. తిరుగు ప్రయాణం కొండ ఎక్కి కాదు, రైల్లో. షింతెత్సు లైన్లో తానిగామి దాకా వచ్చి, సబ్‌వేలోకి మారి, సన్నోమియా. అరగంట, నలభై నిమిషాలు.

కోబే రాత్రి దృశ్యం హాకొదాతే, నాగసాకిలతో కలిపి జపాన్ మూడు గొప్ప రాత్రి దృశ్యాల్లో ఒకటంటారు. దాన్ని చూసే చోటు మాయా కొండ మీది కికుసెయ్‌దాయ్. సన్నోమియా నుంచి 18వ నంబరు బస్సు, కేబుల్ కారు, మళ్ళీ రోప్‌వే. మంగళవారం నడవదు, కొన్ని రోజులు సాయంత్రమే ఆపేస్తారు. చివరి కారు వేళ చూసుకోకుండా ఎక్కితే చీకట్లో అడవి దారిన దిగాలి.

మూడో రోజు దొరికితే

వంతెన ఒకటి, గిడ్డంగులు ఒకటి. 1998లో తెరిచిన అకాషి కైక్యో వంతెన పొడవు 3,911 మీటర్లు, రెండు స్తంభాల మధ్య 1,991. కడుతుండగానే 1995 భూకంపం వచ్చి స్తంభాల మధ్య దూరం మీటరుకి దగ్గరగా పెరిగింది. ఉన్న లెక్కలు సరిచేసుకుని అలాగే పూర్తిచేశారు. మాయికో స్టేషనులో దిగాలి. షిన్‌కైసొకు అక్కడ ఆగదు, దానికంటే నెమ్మదిగా వెళ్ళే ‘కైసొకు’ ఎక్కండి. వంతెన కడుపులో సముద్రానికి 47 మీటర్ల పైన నడిచే దారి ఉంది, కొంత అద్దం నేల. ఎత్తంటే భయమున్నవాళ్ళు కింద పార్కులో కూర్చున్నా వంతెన మొత్తం కనబడుతుంది, చూడ్డానికి అదే బాగుంటుంది.

తాగే అలవాటున్నవాళ్ళకి ఊరికి తూర్పున నాదా వైపు సాకే (బియ్యంతో చేసే మద్యం) గిడ్డంగులు. హాకుత్సురు మ్యూజియంకి టికెట్టు లేదు, చివర్లో రుచి చూపిస్తారు. దిగాల్సింది హాన్షిన్ సుమియోషి. అక్కడ లోకల్ రైలే ఆగుతుంది కాబట్టి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మికాగెలో మారాలి.

ఎప్పుడు రావాలంటే అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా, లేదా మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్. జూన్‌లో ముసురు, ఆగస్టులో మన వైజాగ్ ఉక్కపోతే, దానికోసం ఇంత దూరం రావడం ఎందుకు. జనవరి, ఫిబ్రవరుల్లో రొక్కో మీంచి దిగే గాలి చెవులు కోస్తుంది, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. వీధుల్లో చెత్తబుట్టలుండవు, సంచీలో ఒక కవరు పెట్టుకోండి. గది సన్నోమియాలోనే తీసుకోండి. రైలుకీ బస్సుకీ మారాలంటే ఎలాగూ అక్కడికే రావాలి.

తిరిగి వెళ్ళే రోజు కూడా పడవే అనుకుంటే పొద్దున వాతావరణం చూసుకోండి. సముద్రం బాగా లేస్తే పడవలు ఆపేస్తారు. అప్పుడు సన్నోమియా నుంచి విమానాశ్రయం బస్సే గతి. రద్దీ వేళ హైవే మీద ఆలస్యమవుతుంది, ఇంకో గంట ముందే బయల్దేరండి.